మీ మీద క్రిమినల్ కేసు పెట్టారా? ఎఫ్‌ఐఆర్ నుంచి అప్పీలు దాకా ఏ దశలో ఏం చేయాలి

క్రిమినల్ కేసులో పేరు వచ్చిందని తెలియగానే సలహాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. 'స్టేషన్‌కు వెళ్లి ఎస్సైతో మాట్లాడుకో, అయిపోతుంది' అంటారు ఒకరు. 'నాలుగు రోజులు ఊళ్లో లేకుండా పో' అంటారు ఇంకొకరు. రెండూ కేసును చెడగొట్టే సలహాలే. వకీలు లేకుండా స్టేషన్‌లో చెప్పిన మాట ఎటు తిరుగుతుందో తెలియదు. ఊరు విడిచి వెళ్తే అదే రేపు బెయిల్ ఇవ్వకూడదనడానికి కారణమవుతుంది.

క్రిమినల్ కేసు మెట్లు మెట్లుగా నడుస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం పుడుతుంది, ఒక గడువు మొదలవుతుంది. ఆ కాగితం చేతికి తెచ్చుకోవడం, ఆ గడువు లెక్కపెట్టుకోవడం ముద్దాయి పని. వకీలు ఉన్నా సరే, లెక్క మీ దగ్గర కూడా ఉండాలి.

సెక్షన్ల నంబర్ల గురించి ఒక మాట. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి శిక్ష ఐపీసీ ప్రకారమే. కోర్టు వరండాల్లో మాత్రం ఇప్పటికీ '41ఏ నోటీసు', '498ఏ', '313 ఎగ్జామినేషన్' అనే మాటలే వినిపిస్తాయి. అందుకే ఇక్కడ అవసరమైన చోట రెండు నంబర్లూ ఇచ్చాం. నేరాలు, శిక్షల నంబర్లు బీఎన్‌ఎస్‌వి, కేసు నడిచే పద్ధతికి సంబంధించినవి (వేరే చట్టం పేరు చెప్పకపోతే) బీఎన్‌ఎస్‌ఎస్‌వి.

మొదటి పని: ఎఫ్‌ఐఆర్ కాపీ

కేసు ఉందో లేదో, ఉంటే ఏ సెక్షన్లో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు ఇది వర్తించదు. వెబ్‌సైట్‌లో దొరక్కపోతే స్టేషన్‌లో గానీ, ఎఫ్‌ఐఆర్ చేరిన మేజిస్ట్రేట్ కోర్టులో గానీ దరఖాస్తు పెట్టి కాపీ తీసుకోవచ్చు. ముద్దాయిగా అది మీ హక్కు, ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

కాపీ చేతికొచ్చాక చూడాల్సినవి: క్రైం నంబరు, ముద్దాయిల వరుసలో మీరు ఏ1నా ఏ5నా, ఘటన జరిగిన సమయం, ఫిర్యాదు అందిన సమయం, ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేట్‌కు చేరిన సమయం. ఘటనకూ ఫిర్యాదుకూ మధ్య వివరణ లేని ఆలస్యం ఉంటే అది తర్వాత వాదనకు పనికొస్తుంది. ఫిర్యాదులో మీ పేరు నేరుగా ఉందా, 'మరికొందరు' అన్న మాటలో కలిపారా అన్నదీ ముఖ్యమే.

తర్వాత ఒక్కో సెక్షన్ పక్కన మూడు సంగతులు రాసుకోండి: గరిష్ఠ శిక్ష ఎంత, బెయిలబులా (బెయిల్ హక్కుగా వచ్చేదా) కాదా, రాజీ కుదుర్చుకునే వీలుందా. మొదటి రెండూ బీఎన్‌ఎస్‌ఎస్ మొదటి షెడ్యూల్‌లో ఉంటాయి, మూడోది 359వ సెక్షన్‌లో. ఉదాహరణకు మామూలు కొట్లాటలో పెట్టే బీఎన్‌ఎస్ 115(2) (పాత 323) బెయిలబుల్, శిక్ష ఏడాది వరకు. భర్త, అత్తింటివారి వేధింపుల సెక్షన్ 85 (పాత 498ఏ) నాన్ బెయిలబుల్, మూడేళ్ల వరకు. మోసం కేసు 318(4) (పాత 420) నాన్ బెయిలబుల్, ఏడేళ్ల వరకు. హత్యాయత్నం 109 (పాత 307)లో పదేళ్ల వరకు, గాయమైతే యావజ్జీవం దాకా.

ఈ లెక్కలో ఏడేళ్లు పెద్ద సరిహద్దు. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు, అంతకంటే తక్కువ ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు అరెస్టు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి, ఆ కారణాలు సరైనవో కావో మేజిస్ట్రేట్ చూడాలి. ఒక్క సెక్షన్ తేడాతో ఈ సరిహద్దు దాటిపోతుంది. మామూలు తగాదాలో 109 ఎందుకు చేర్చారన్నది వకీలు మొదటే పట్టుకోవాల్సిన ప్రశ్న.

వకీలు

క్రిమినల్ వైపు రోజూ పనిచేసే వకీలు కావాలి. ఆస్తి దావాలు చూసే తెలిసినాయన మంచివాడే కావచ్చు, రిమాండ్ రోజు పొద్దున ఆయనకు దారి తెలియదు. ఫీజు దశలవారీగా మాట్లాడుకోండి: బెయిల్‌కు ఎంత, చార్జిషీటు తర్వాత విచారణకు ఎంత, హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే ఎంత. 'జడ్జి మనవాడే, కొట్టేయిస్తా' అనే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

డబ్బు లేకపోతే కేసు వకీలు లేకుండా నడవాల్సిన పని లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లు, మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

35(3) నోటీసు వస్తే

పాత 41ఏ నోటీసే ఇది. ఫలానా రోజు, ఫలానా సమయానికి విచారణకు హాజరు కమ్మని పిలుపు. దీన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ గానీ నిజానికి ఇది మీకు రక్షణ. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాయకుండా ఆ నేరంలో మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది.

నోటీసును మనిషి చేతికే ఇవ్వాలని, వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వాట్సాప్‌లో నిజమైన స్టేషన్ నుంచి వచ్చిందని తెలిస్తే దాన్ని పట్టించుకోకుండా కూర్చోవడం తెలివి కాదు. వకీలు చేత 'నోటీసు నేరుగా ఇప్పించండి, హాజరవుతాం' అని రాతపూర్వకంగా జవాబు పంపండి. మరో సంగతి: వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి 'డిజిటల్ అరెస్టు చేశాం, కదలొద్దు, డబ్బు పంపు' అంటే అది దొంగల పని. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

నోటీసు తీసుకునేటప్పుడు సంతకం కింద తేదీ, సమయం మీ చేత్తో రాయండి, ఒక కాపీ ఉంచుకోండి. ఆ రోజుకు వెళ్లలేకపోతే ముందే ఉత్తరం రాసి, వైద్యుడి సర్టిఫికెట్ వంటి ఆధారం జతచేసి, స్టేషన్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ఫోన్‌లో 'సార్ రేపొస్తా' అంటే దానికి రికార్డు ఉండదు. పత్రాలు ఇస్తే జాబితా రాసి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. అసలు పత్రాలు ఇవ్వాల్సి వస్తే జిరాక్సులు దగ్గరుంచుకోండి.

నోటీసు మీద సెక్షన్ ఏదో చూడండి. 179 (పాత 160) అని ఉంటే పిలిచింది సాక్షిగా. ఆ నోటీసుతో మహిళలను, 60 ఏళ్లు పైబడినవారిని, 15 ఏళ్లలోపు మగపిల్లలను, వికలాంగులను, తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవారిని ఇంటి దగ్గరే విచారించాలి. సాక్షిగా పిలిచి కూర్చోబెట్టి, తర్వాత ముద్దాయిగా చేర్చడం కూడా జరుగుతుంటుంది కాబట్టి దీనికి సైతం వకీలుతో మాట్లాడాకే వెళ్లండి.

ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి

పేరు, చిరునామా చెప్పాలి. పోలీసుల మీద అరవకూడదు, అబద్ధం చెప్పకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇచ్చేలా ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది, ఈ హక్కు పోలీసు విచారణ దశలోనూ ఉంటుందని 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరంలో ఇరికించే ప్రశ్న వస్తే 'దీనికి వకీలుతో మాట్లాడి చెబుతాను' అనడం తప్పు కాదు. నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు మీ సమ్మతి లేకుండా చేయకూడదు (సెల్వి కేసు, 2010).

180 (పాత 161) కింద పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు, పెట్టించకూడదు కూడా. తెల్లకాగితం మీద సంతకం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడ ఒక కాగితం గురించి వివరంగా చెప్పాలి. మన కోర్టుల్లోని చార్జిషీట్లలో 'నేర ఒప్పుకోలు, జప్తు పంచనామా' అని ఒకటి తరచుగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల దాన్నే మధ్యవర్తుల నివేదిక అంటారు. ఇద్దరు పంచుల ఎదుట ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని, ఫలానా చోటికి తీసుకెళ్లి వస్తువు చూపించాడని అందులో ఉంటుంది. పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు (సాక్ష్య అధినియం సెక్షన్ 23). కానీ అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది: ఆ మాట వల్ల ఏదైనా విషయం కొత్తగా బయటపడితే, ఆ బయటపడినదానికి సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. 'కత్తి పశువుల కొట్టం చూరులో పెట్టాను' అన్నది లోపలికి వస్తుంది. 'దాంతోనే పొడిచాను' అన్నది రాదు. ఈ గీత గీసింది స్వాతంత్ర్యానికి ముందు ప్రివీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు) తేల్చిన పులుకూరి కొట్టయ్య కేసు, ఇప్పటికీ కోర్టుల్లో రోజూ దాన్నే ఉదహరిస్తారు. 'పోలీసుల దగ్గర చెప్పింది చెల్లదులే' అనుకుని నోటికొచ్చింది చెప్పేసేవాళ్లు దెబ్బతినేది ఈ ముక్క దగ్గరే. మీరు చూపించని చోట చూపించినట్టు రాస్తే సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పని పరిస్థితి వస్తే మొదటిసారి మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లినప్పుడే ఆ సంగతి చెప్పండి, నెలల తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలి, జప్తు జాబితా కూడా అందులోకి రావాలి. వీడియో ఎక్కడ అని మీ వకీలు అడగాలి.

మేజిస్ట్రేట్ ముందు ఇచ్చే ఒప్పుకోలు (183, పాత 164) వేరు, అది పూర్తిగా చెల్లుతుంది. చెప్పాల్సిన బలవంతం లేదని ఆయన ముందే హెచ్చరించాలి. 'నేను చెప్పను' అంటే మిమ్మల్ని మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు.

అరెస్టు చేస్తే

అరెస్టు మెమో తయారవ్వాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి, మీరూ చేయాలి. సంతకానికి ముందు అరెస్టు సమయం చదవండి. నిన్న రాత్రి తొమ్మిదికి ఎత్తుకొచ్చి ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు అని రాస్తే, సంతకం పక్కనే అసలు సమయం రాయండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న నియమం (సెక్షన్ 58, రాజ్యాంగం 22(2)) మొత్తం ఆ గడియారం మీదే ఆధారపడి ఉంటుంది. ప్రయాణ సమయాన్ని మాత్రమే మినహాయిస్తారు.

అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అన్ని నేరాలకూ ఇది వర్తిస్తుందని, వెంటనే వీలుకాని పరిస్థితిలో కూడా రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవ్వకపోతే అరెస్టే చెల్లకుండా పోవచ్చు. ఇచ్చిన కాగితం మీద మీకు ఎప్పుడు అందిందో సమయం వేసుకోండి.

బంధువుకో స్నేహితుడికో కబురు పంపడం, విచారణ సమయంలో (మొత్తంసేపు కాకపోయినా) వకీలును కలవడం, వైద్య పరీక్ష మీ హక్కులు. కొట్టి ఉంటే ఎక్కడెక్కడ దెబ్బలు ఉన్నాయో డాక్టరుకు చూపించి రాయించుకోండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో మహిళా పోలీసు అధికారి, ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని చేయాలి. మూడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో, 60 ఏళ్లు దాటినవారినైనా జబ్బుతో ఉన్నవారినైనా అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ఉండాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ దారే వేరు, వాళ్లు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది: ఎవరు, ఏ బండిలో, ఎన్ని గంటలకు తీసుకెళ్లారో అప్పుడే రాసిపెట్టుకోవాలి. వీధిలో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ చెరిగిపోకముందే అడగాలి. ఎక్కడున్నాడో చెప్పకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు ఈమెయిల్ పంపాలి. ఆ ఈమెయిల్‌లోని తేదీ, సమయం తర్వాత హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేయాల్సి వస్తే ఆధారమవుతుంది.

రిమాండ్, 60–90 రోజుల లెక్క

మొదటిసారి హాజరుపరిచినప్పుడు మేజిస్ట్రేట్ 'పోలీసులు కొట్టారా, ఏమైనా చెప్పుకోవాలా' అని అడుగుతారు. తలూపి ఊరుకోవద్దు. ఎప్పుడు పట్టుకున్నారు, కారణాల కాగితం ఇచ్చారా, దెబ్బలున్నాయా అన్నవి ఆ నిమిషంలోనే చెప్పాలి. వకీలు లేకపోతే అడగండి, రిమాండ్ దశకు న్యాయ సేవాధికార సంస్థ వకీలు ఉంటారు.

జ్యుడీషియల్ కస్టడీ అంటే జైలు, పోలీసు కస్టడీ అంటే తిరిగి స్టేషన్. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులకు మించకూడదు. పాత చట్టంలో ఆ 15 రోజులూ మొదటి పక్షంలోనే అయిపోవాలి. ఇప్పుడు 187వ సెక్షన్ ప్రకారం మొదటి 40 రోజుల్లో (90 రోజుల కేసుల్లో 60) విడతలుగా తీసుకోవచ్చు. అంటే జైలుకు వెళ్లి నెల అయ్యాక కూడా కస్టడీ పిటిషన్ రావచ్చు. వస్తే వకీలు కౌంటర్ (అభ్యంతరాలతో జవాబు) వేయాలి.

చార్జిషీటు గడువు అన్నిటికంటే విలువైన లెక్క. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు. ఆలోపు చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కేసు ఎంత తీవ్రమైనదన్న ప్రశ్నే రాదు. గంజాయి వంటి కేసుల్లో వాణిజ్య పరిమాణం ఉంటే ఇది 180 రోజులు.

రిమాండ్ విధించిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మార్చి 1న రిమాండ్ అయితే అదే ఒకటో రోజు. ఏప్రిల్ 29తో 60 పూర్తి. ఏప్రిల్ 30 పొద్దున కోర్టు తెరిచేసరికి పిటిషన్ దాఖలై ఉండాలి. ఎందుకంత తొందరంటే, ఈ హక్కు అడిగినవాడికే. మీరు అడగకముందే పోలీసులు చార్జిషీటు వేసేస్తే హక్కు పోయినట్టే. మీ పిటిషన్ ముందు పడి, అదే రోజు సాయంత్రం చార్జిషీటు వచ్చినా మీ హక్కు నిలుస్తుంది. పిటిషన్ మీద దాఖలు సమయం పడేలా చూసుకోండి. గరిష్ఠ శిక్ష సరిగ్గా పదేళ్లు ఉన్న సెక్షన్లలో గడువు 60 రోజులా 90 రోజులా అన్న వాదన వస్తుంటుంది. అనుమానం ఉంటే 61వ రోజునే వేయండి, కొట్టేస్తే 91వ రోజున మళ్లీ వేయొచ్చు.

బెయిల్, జామీనుదార్లు

బెయిలబుల్ నేరంలో బెయిల్ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. జామీను ఇచ్చుకోలేక వారం దాటితే ఆ వ్యక్తిని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి.

నాన్ బెయిలబుల్ అయితే మేజిస్ట్రేట్, సెషన్స్, హైకోర్టు అన్న వరుస. అరెస్టు భయం ఉంటే 482 (పాత 438) కింద ముందస్తు బెయిల్‌కు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసయితే ముందస్తు బెయిల్ నిషేధం, ప్రాథమికంగా ఆ నేరమే కనిపించకపోతే తప్ప. మైనర్ల మీద అత్యాచారానికి సంబంధించిన కొన్ని సెక్షన్లలో కూడా ఉండదు.

బెయిల్ ఆర్డరు వచ్చినా మనిషి బయటికి రాకపోవడం మామూలే. శుక్రవారం ఆర్డరు, జామీనుదార్ల కాగితాలు సరిపోలేదు, సోమవారం దాకా జైలే. అందుకే పిటిషన్ వేసిన రోజునుంచే ఇద్దరు జామీనుదార్లను సిద్ధం చేయండి: ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ ధ్రువపత్రం లేదా జీతం సర్టిఫికెట్. ఆధార్‌లో పేరు ఒకలా, పన్ను రసీదులో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కోర్టు బయట దొరికే అద్దె జామీనుదార్ల జోలికి పోతే నకిలీ పత్రాల కేసు అదనంగా తగులుకుంటుంది. షరతు మోయలేనంత బరువుగా ఉంటే సడలించమని అదే కోర్టును అడగొచ్చు. నెలలోపు జామీను ఇచ్చుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు పరిశీలించవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

సంతకం పెట్టమన్న రోజున స్టేషన్‌కు వెళ్లండి, రిజిస్టరులో సంతకం చేసిన పేజీ ఫొటో తీయనివ్వకపోతే తేదీలు డైరీలో రాసుకోండి. ఫిర్యాదుదారుకు ఫోన్ చేయడం, స్టేటస్‌లో సవాళ్లు పెట్టడం బెయిల్ రద్దుకు దారి. వాయిదాకు రాకుండా ఎగ్గొడితే బీఎన్‌ఎస్ 269 కింద అదే విడిగా ఒక నేరం.

విచారణ ఖైదీగా చాలాకాలం ఉంటే 479 గుర్తుంచుకోండి: గరిష్ఠ శిక్షలో సగం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారైతే మూడో వంతు జైల్లో గడిస్తే విడుదలకు అడగొచ్చు. మరణశిక్ష, యావజ్జీవం ఉన్న నేరాలకూ, ఒకటికంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్లకూ ఈ వెసులుబాటు లేదు.

చార్జిషీటు తర్వాత

ఇక్కడ కేసు నంబరు మారుతుంది. క్రైం నంబరు కాస్తా మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ (క్యాలెండర్ కేసు) అవుతుంది. సెషన్స్‌కు వెళ్లాల్సిన కేసయితే ముందు పీఆర్సీ (ప్రాథమిక నమోదు కేసు), కమిట్ అయ్యాక (సెషన్స్ కోర్టుకు పంపాక) ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు. ఈకోర్ట్స్ యాప్‌లో వెతకడానికి 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు తీసుకుని ఫోన్‌లో పెట్టుకోండి, వాయిదా తేదీల కోసం వకీలు గుమస్తా మీద ఆధారపడనక్కర్లేదు.

మీరు హాజరైన 14 రోజుల్లో చార్జిషీటు, వాంగ్మూలాలు, పత్రాల కాపీలు ఉచితంగా ఇవ్వాలి (సెక్షన్ 230). పేజీ పేజీ లెక్కపెట్టి తీసుకోండి. గాయాల సర్టిఫికెట్, ఫోరెన్సిక్ రిపోర్టు, పంచనామాలు ఉన్నాయా? ఫోన్ కాల్ రికార్డులు, సీసీ ఫుటేజీ ఉంటే వాటికి సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ ఉందా, అందులో హ్యాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపే గుర్తింపు సంఖ్య) రాశారా? చదవడానికి వీల్లేని జిరాక్సు ఇస్తే మెమో వేసి మళ్లీ అడగండి.

కేసే నిలబడదనిపిస్తే డిశ్చార్జి (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని అడిగే) పిటిషన్. దీనికి కొత్త చట్టం 60 రోజుల గడువు పెట్టింది: వారంటు కేసుల్లో (రెండేళ్లకు మించి శిక్ష పడే నేరాల్లో) కాపీలు ఇచ్చిన రోజునుంచి, సెషన్స్ కేసుల్లో కమిట్ అయిన రోజునుంచి. పాత అలవాటులో 'తర్వాత చూద్దాం' అంటే గడువు దాటిపోతుంది. హైకోర్టులో 528 (పాత 482) కింద క్వాష్ (కేసునే కొట్టేయమనే) పిటిషన్ వేరే దారి. ఫిర్యాదు మొత్తం నిజమనుకున్నా నేరం కనిపించని కేసులకు అది పనికొస్తుంది. 'నేను చేయలేదు, నా దగ్గర సాక్ష్యం ఉంది' అన్న వాదనకు మాత్రం హైకోర్టు సాధారణంగా 'విచారణలో చెప్పుకో' అంటుంది. క్వాష్ వేసినంత మాత్రాన కింది కోర్టు వాయిదాలు ఆగవు, స్టే ఆర్డరు ఉంటేనే ఆగుతాయి.

రాజీ పడదగ్గ సెక్షన్లయితే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. 'ఒప్పేసుకో, ఫైను కట్టి పోదాం' అన్న సలహాకు మాత్రం తొందరపడవద్దు. ఒప్పుకుంటే పడేది శిక్షే, రికార్డులో మీరు నేరస్థుడే. ప్రభుత్వ ఉద్యోగం, వీసా దరఖాస్తుల్లో ఆ గడి నింపాల్సింది మీరు.

విచారణ

చార్జీలు చదివి వినిపించి 'నేరం ఒప్పుకుంటారా' అని అడుగుతారు. విచారణ కోరితే సాక్షుల వంతు. ప్రతి వాయిదాకూ హాజరు కావాలి. రాలేని రోజున వకీలు 355 (పాత 317) పిటిషన్ వేస్తారు, కారణం నిజమైనదై ఉండాలి. పిటిషన్ లేకుండా మానేస్తే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారంటు) వస్తుంది. వస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, ఆ వారంలోనే వకీలుతో కోర్టుకు వెళ్లి రీకాల్ (వారంటు రద్దు) పిటిషన్ వేయాలి. పరారీలో ఉన్నట్టు ప్రకటించాక ఆస్తి జప్తు, కొన్ని కేసుల్లో మీరు లేకుండానే విచారణ (సెక్షన్ 356) కూడా సాగుతాయి.

సాక్షి పోలీసుల ముందు చెప్పినదానికీ, కోర్టులో చెప్పినదానికీ తేడా ఎక్కడుందో క్రాస్‌లో (మన వకీలు వేసే ఎదురు ప్రశ్నల్లో) బయటపెట్టడమే డిఫెన్స్‌లో సగం పని. ఊరి సంగతులు, దూరాలు, వెలుతురు, ఎవరికి ఎవరితో పగ అన్నవి వకీలుకు తెలియవు. వాంగ్మూలాలు చదివి, ఒక్కో సాక్షికి ఒక పేజీ చొప్పున నోట్సు రాసివ్వండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది 351 (పాత 313) దశ. సాక్ష్యంలో మీకు వ్యతిరేకంగా వచ్చిన ఒక్కో అంశాన్ని కోర్టు మీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. ప్రమాణం ఉండదు, జవాబు తప్పయినా దానికి శిక్ష లేదు. చాలామంది అన్నింటికీ 'అబద్ధం', 'తెలియదు' అనేసి వచ్చేస్తారు. ఆ రోజు మీరు వేరే ఊళ్లో ఉంటే, తప్పుడు కేసు పెట్టడానికి పొలం గట్టు తగాదా కారణమైతే, చెప్పాల్సిన చోటు ఇదే. రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. ఆ తర్వాత డిఫెన్స్ సాక్షులు, పత్రాలు. మీరే సాక్షిగా బోనెక్కవచ్చు గానీ అప్పుడు పీపీ (ప్రభుత్వ వకీలు) మిమ్మల్ని క్రాస్ చేస్తారు. ఎక్కకపోతే దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోకూడదు.

తీర్పు, ఆ తర్వాత

శిక్ష పడితే ఎంత అన్నదాని మీద కూడా మీ మాట వింటారు. వయసు, కుటుంబం, మొదటి నేరం, ప్రొబేషన్ చట్టం 1958 (జైలుకు బదులు సత్ప్రవర్తన షరతు మీద వదిలే వీలు) గురించి అప్పుడు చెప్పాలి. ఇదివరకు రిమాండ్‌లో గడిపిన రోజులు శిక్షలో తగ్గుతాయి. తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. శిక్ష మూడేళ్లు లేదా తక్కువ ఉండి, మీరు బెయిల్ మీద ఉంటే, అప్పీలు వేసుకునేదాకా శిక్ష వేసిన కోర్టే బయట ఉండనివ్వవచ్చు. కాబట్టి తీర్పు రోజున జామీనుదార్లను వెంట తీసుకెళ్లడం మంచిది. అప్పీలుకు సెషన్స్ కోర్టు అయితే 30 రోజులు, హైకోర్టు అయితే 60 రోజులు (మరణశిక్షకు 30). సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన రోజులను ఇందులోంచి మినహాయిస్తారు.

మీరు నిర్దోషి అని కేసు కొట్టేస్తే కూడా వెంటనే పని అయిపోదు. పైకోర్టులో అప్పీలు వస్తే హాజరవుతానని ఆరు నెలలకు బాండు ఇవ్వాలి (సెక్షన్ 481), ఫిర్యాదుదారుకూ అప్పీలు హక్కుంటుంది. ఆ గడువు ముగిశాక జప్తు చేసిన ఫోన్, బండి, పత్రాలు తిరిగి ఇవ్వమని పిటిషన్ వేయండి. సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోండి: ఒకటి ఇంట్లో, ఒకటి ఉద్యోగం చేసేచోట ఇవ్వడానికి, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోవడానికి. స్టేషన్ రికార్డులో కేసు 'పెండింగ్' అనే ఉండిపోతే పాస్‌పోర్టు వెరిఫికేషన్ రోజున మళ్లీ అక్కడే ఆగుతుంది. కేసు నడుస్తుండగానే పాస్‌పోర్టు కావాలంటే, విచారణ జరుగుతున్న కోర్టు నుంచే విదేశానికి వెళ్లడానికి అనుమతి తెచ్చుకోవాలి. అనుమతిలో గడువు రాయించుకోండి, ఏమీ రాయకపోతే పాస్‌పోర్టు ఏడాదికే ఇస్తారు.